గుమ్మంలో చెప్పే అద్దె

ఆ వరుస ఇళ్ళలో ఎవరినైనా వయసు అడగవచ్చు, జీతం అడగవచ్చు, ఆఖరికి మొగుడూ పెళ్ళాల మధ్య మాటలున్నాయో లేవో కూడా అడగవచ్చు. కొంత తటపటాయించినా నిజమే చెబుతారు. అద్దె ఎంత అని అడిగితే మాత్రం నిజం చెప్పే మనిషి లేడు. అందరూ ఇచ్చేదానికంటే ఎక్కువే చెబుతారు. ఇది గొప్పలకు పోవడం కాదు. తక్కువ ఇస్తున్న సంగతి పక్కింటివారికి తెలిస్తే, వారు నేరుగా యజమాని దగ్గరకు వెళ్ళి, "మాకో లెక్క, వాళ్ళకో లెక్కా?" అని నిలదీస్తారు. అటువంటప్పుడు యజమాని ఎక్కువ ఇచ్చేవారికి తగ్గించిన దాఖలా లేదు. తక్కువ ఇచ్చేవారికి పెంచి సమన్యాయం చేస్తాడు. ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవారి బెడద మరొకటి. చౌక అని తెలిస్తే వారి చూపు గది మీద పడుతుంది. కాబట్టి గుమ్మంలో చెప్పే అద్దె వేరు, చేతికిచ్చే అద్దె వేరు. తాము మాత్రమే కొంత కలిపి చెబుతున్నామనీ, ఎదుటివారు అమాయకంగా ఉన్నదున్నట్టు చెబుతున్నారనీ అక్కడ ప్రతి ఒక్కరి నమ్మకం.

వరుసలో మొదటి గది టైలరమ్మది. దానికి వీధివైపు కిటికీ ఉంది. కుట్టుమిషను ఆ కిటికీకి ఆనుకుని ఉంటుంది. వీధి చివర బడి, దాని వెనుక అట్టపెట్టెల కర్మాగారం. బడికీ పనికీ పోయేవారు నడుస్తూనే చిరిగిన జేబో, ఊడిన జిప్పో, పొడవైన ప్యాంటో కిటికీలోంచి అందించి, సాయంత్రం తిరిగి వెళుతూ అందుకుంటారు. ఆమె బోర్డు రాయించలేదు. ఆ కిటికీయే బోర్డు. భర్త దూరప్రాంతాలకు సరుకు లారీ నడుపుతాడు. ఆయనతో కాపురం చాలావరకు ఫోనులోనే సాగుతుంది. గదికి అడ్డంగా కట్టిన తెర వెనుక అత్తగారి మంచం. ఇల్లు గడిచేదీ, అత్తగారి మందులు వచ్చేదీ ఆ కిటికీ వల్లనే. ఇంతకంటే తక్కువ అద్దెకు సందు లోపల గదులు దొరకకపోవు. కాని ఊడిన బొత్తాం కోసం సందు లోపలికి ఎవరూ నడిచి రారు.

యజమాని ఆ వరుసకు వచ్చేవాడు కాడు. అద్దెలు వసూలు చేసేది ఆయన బావమరిది. అసలు పేరు ఏదైనా అక్కడ అందరికీ ఆయన బావమరిదే. మర్యాదస్థుడు, గొంతు పెంచి ఎరుగడు. పెంచేది అద్దె మాత్రమే.

ఒకనాటి ఉదయం ఆయన కిటికీ ఎదుట నిలిచి, చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ, "టైలరమ్మా, వచ్చే నెల నుంచి ఏడున్నర," అన్నాడు. ఎండ ఎక్కువగా ఉంది అన్నంత తేలికగా అన్నాడు.

మిషను చక్రం ఆమె అరచేతి కింద ఆగిపోయింది. "ఏడున్నర వేలా? ఇప్పుడిచ్చేది..." అని, పక్కగది వెల్డరు భార్య గుమ్మంలో గిన్నెలు తోముతోందని గుర్తొచ్చి గొంతు తగ్గించింది. "ఆరు కదండీ ఇచ్చేది?"

"ఆరు మీరు మాకిచ్చేది. ఏడున్నర మీరు బయట చెప్పుకునేది. బయట చెప్పుకున్నంత మాకూ ఇవ్వండమ్మా, అంతకు మించి మేమేం అడగట్లేదు."

"ఎవరు చెప్పారండీ మీకు?"

"ఇలాంటివి ఒకరు చెప్పాలా?" ఆయన నవ్వి రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఆలోచించుకోండి. తొందరేం లేదు. కాని ఈ కిటికీ మీద మోజుపడేవాళ్ళు చాలామందే ఉన్నారు."

ఆయన వెళ్ళిన తరువాత కూడా ఆమె చాలాసేపు మిషను తొక్కలేదు. పెంచడం కంటే ఆమెను ఎక్కువ కలవరపెట్టింది ఆ అంకె. ఏడు కాదు, ఎనిమిది కాదు. సరిగ్గా తాను గుమ్మంలో చెప్పే ఏడున్నరే. తన నోటి నుంచి ఆయన చెవి దాకా దాన్ని ఎవరో మోసుకెళ్ళారు.

తెర వెనుక నుంచి అత్తగారు దగ్గింది. ఆవిడ మాట్లాడబోయే ముందు దగ్గి నోటీసిస్తుంది.

"ఏమే, విన్నాను. కాళ్ళు పడిపోయాయి గాని చెవులు పడిపోలేదు నాకు. ఎవరితో అన్నావు ఏడున్నర అని?"

"వెల్డరు వదినతో అన్నాను అత్తయ్యా. మూడోగది అబ్బాయి కూడా ఒకసారి అడిగితే చెప్పాను."

"అంతేనా?"

"ఇంకెవరితో అంటాను!"

"అయితే ఆ ఇద్దరిలో ఒకరి కడుపులో మాట దాగదన్నమాట. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పక్కింటి దొంగని మనం పట్టలేమా?"

మూడోగది అబ్బాయి అంటే లిఫ్టు మెకానిక్కు. ఆ వరుసకు కొత్తవాడు, ఒంటరివాడు. ఒక నడుముపట్టీకి తాళాలు, చిన్న టార్చిలైటు, పానాలు వేలాడదీసుకుని వేళాపాళా లేకుండా పనికి వెళ్ళి వస్తుంటాడు. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు. ఫోను వస్తే మాత్రం గదిలోంచి బయటకు వచ్చి, గోడవైపు తిరిగి, గొంతు తగ్గించి మాట్లాడతాడు. గదిలో సిగ్నలు అందదని ఆ వరుసలో అందరికీ తెలుసు. వాళ్ళూ బయటకు వచ్చే మాట్లాడతారు. అయినా గోడవైపు తిరగవలసిన పనేమిటి? ఈ ప్రశ్న అంతకుముందు ఎవరికీ తట్టలేదు. ఇప్పుడు టైలరమ్మకు తట్టింది.

ఆమె ఉపాయం ఒకటి పన్నింది. ఇద్దరికీ రెండు వేర్వేరు అంకెలు చెప్పాలి. బావమరిది నోట ఏ అంకె తిరిగి వస్తుందో చూస్తే మోసినవారెవరో తేలిపోతుంది. అత్తగారు ఆ ఆలోచనకు ఎంతగా మురిసిపోయిందంటే, ఆ పూట తెర పక్కకు జరిపించుకుని మరీ కూర్చుంది.

కుళాయి దగ్గర వెల్డరు భార్య బిందె కింద పెట్టి నిలబడి ఉన్నప్పుడు టైలరమ్మ మొదలుపెట్టింది.

"విన్నారా వదినా? నాకు ఎనిమిది చేశాడు ఆ మహానుభావుడు."

"ఎనిమిదే! అయ్యో. మరి ఒప్పుకున్నారా?"

"ఒప్పుకోక ఎక్కడికి పోతాను?"

"అదీ నిజమే లెండి. మీకు కిటికీ ఉంది కదా," అంది వెల్డరు భార్య, బిందె నిండుతున్నదా లేదా అని చూస్తూ. "మా గదికి ఎటు చూసినా గోడే. అందుకే ఏడు దాటనివ్వలేదు మేం. మా ఆయన నోరు మంచిది కాదు, ఆయనతో పెట్టుకోడు ఆ బావమరిది."

అందులో సానుభూతి ఎంత, సంతోషం ఎంత అన్నది టైలరమ్మ బిందె మోసుకుంటూ లోపలికి వచ్చేదాకా తూచింది. సంతోషమే ఎక్కువ తూగినట్టు తోచింది. కిటికీ మాట ఎత్తడంలో ఏదో ఉంది. ఆ కిటికీ గది కావాలని ఈవిడే అడిగి ఉండకూడదా?

సాయంత్రం లిఫ్టు మెకానిక్కు తన పనిచొక్కా కోసం కిటికీ దగ్గరకు వచ్చాడు. జేబు కుట్టిన చోట వేలితో తడిమి, "గట్టిగా వచ్చిందక్కా," అన్నాడు.

"గట్టిగా రాకపోతే ఎలా తమ్ముడూ, అద్దె గట్టిగా పెరిగింది. ఎనిమిదిన్నర చేశారు నాకు."

అతని ముఖం మారింది. "ఎనిమిదిన్నరా? ఎప్పటి నుంచక్కా?"

"వచ్చే నెల నుంచి."

"మీ ఒక్కరికేనా, అందరికీనా? వెల్డరు గారికి కూడానా?"

ఆమె దారం కొరికి చూపు అతని మీదే నిలిపింది. అద్దె పెరుగుతుందని భయపడే మనిషి "అయ్యో" అంటాడు. ఎప్పుడు, ఎవరికి, ఎంత అని ఆరా తీసేవాడు వేరే రకం. అతను డబ్బులిచ్చి, పరాకుగా చొక్కా చంకన పెట్టుకుని, రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి తిరిగి, "ఎనిమిదిన్నరే కదక్కా?" అని అడిగి వెళ్ళాడు.

"అంకె సరిచూసుకుంటున్నాడే," అంది తెర వెనుక నుంచి అత్తగారు. "తప్పు మోస్తే కూలి తెగుతుంది కాబోలు."

మరునాటి మధ్యాహ్నం ఆమె బడి యూనిఫారం నడుము బిగిస్తూ, గుండుసూదులు పెదవుల మధ్య పట్టుకుని ఉన్నప్పుడు, గొడుగు పట్టుకున్న ఒక స్త్రీ కిటికీ ముందు ఆగింది. అటువంటివారు రోజుకొకరైనా వస్తారు. ముందు గోడ, తరువాత గుమ్మం, ఆ తరువాత మనిషి ముఖం చూస్తారు. ఖాళీ ఏమైనా ఉందా అని అడిగింది. లేదని తల ఊపింది టైలరమ్మ. "ఈ గదికి మీరెంతిస్తున్నారండీ?" అని అడిగింది ఆవిడ. సూదులు తీయకుండానే, "తొమ్మిది," అంది టైలరమ్మ. ఆవిడ కిటికీని మరొకసారి పరిశీలనగా చూసి, గోడ మీద రంగుతో రాసి ఉన్న యజమాని ఫోను నంబరు చూసి, గొడుగు సర్దుకుని వెళ్ళిపోయింది. ఈగను తోలి మరచిపోయినట్టు ఆ సంగతి ఆమె మరచిపోయింది. మనసంతా మూడోగది తలుపు మీదనే ఉంది.

రుజువు వెల్డరు భార్య తెచ్చింది. భర్తకు భోజనం క్యారియరు ఇచ్చి వస్తూ, ఆ లిఫ్టు అబ్బాయి యజమాని ఉండే మేడ గేటులోంచి లోపలికి వెళ్ళడం ఆమె కళ్ళారా చూసింది. దొంగచాటుగా కాదు, కాపలావాడు సలాము కొట్టి మరీ గేటు తీశాడట.

"సలాము కూడానా!" అంది టైలరమ్మ.

"నేను అబద్ధం చెబుతానా వదినా? మనం నెలనెలా ఇచ్చేవాళ్ళం, మనకెప్పుడైనా గేటు తీశారా?"

అప్పటిదాకా ఒకరినొకరు అనుమానించుకున్న ఆ ఇద్దరు స్త్రీలూ ఆ క్షణం నుంచి అక్కచెల్లెళ్ళకంటే ఎక్కువైనారు. అనుమానానికి మూడో మనిషి దొరికితే మొదటి ఇద్దరికీ దొరికే ఊరట అంతా ఇంతా కాదు. టైలరమ్మ అప్పటికీ తన పన్నాగం సంగతి వెల్డరు భార్యకు చెప్పలేదు. చెబితే ఎనిమిది అబద్ధమని తేలిపోతుంది.

ఆ తరువాత ఎవరూ అతనితో పోట్లాడలేదు. ఒక్క దురుసు మాట అనలేదు. అతను కుళాయి దగ్గరకు వస్తే అక్కడి మాటలు ఆగిపోయేవి. అతను బిందె పెట్టబోయే సమయానికి ఎవరికో ఒకరికి నీళ్ళు అత్యవసరమయ్యేవి. బట్టలు ఆరేసే తీగ మీద అతని చోటు ఇరుకైపోయి, చివరకు లేకుండా పోయింది. అతను మోకాలి దగ్గర చిరిగిన ప్యాంటు తెస్తే టైలరమ్మ తలెత్తకుండా, "తీరిక లేదు తమ్ముడూ," అంది. మిషను మీద అప్పుడు పని ఏదీ లేదు. అది అతనూ చూశాడు. అత్తగారు మాత్రం తెర వెనుక నుంచి ఎవరికీ చెప్పనట్టుగా, వీధికంతా వినిపించేట్టుగా, "కొందరికి చేతిలో పానా, చెవిలో మైకు," అనేది.

ఒకరోజు అతను కిటికీ ముందు నిలబడి, "అక్కా, నా వల్ల ఏమైనా తప్పు జరిగిందా?" అని అడిగాడు.

"తప్పా? మాకేం తెలుసు నాయనా. పెద్ద పెద్ద మేడలకు వెళ్ళి వచ్చేవాడివి నువ్వు."

అతను ఏదో చెప్పబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని ఆమె అనుకుంది. ఆ వారంలోనే అతను గది ఖాళీ చేస్తానని బావమరిదికి చెప్పినట్టు తెలిసింది.

"పీడ విరగడైంది," అంది వెల్డరు భార్య. ఆ పూట ఇద్దరూ కలిసి టీ తాగారు.

అద్దెల రోజు ఉదయం మూడోగది ముందున్న వసారాలో అతని మడతమంచం, రేకు పెట్టె, చాపచుట్ట వచ్చి చేరాయి. సామాను బండి కోసం అతను మెట్టు మీద కూర్చుని ఎదురు చూస్తున్నాడు. ఎవరూ పలకరించలేదు గాని అందరికీ ఆ పూట గుమ్మంలో పనులు పడ్డాయి. వెల్డరు భార్య తోమిన గిన్నెనే మళ్ళీ తోముతోంది.

బావమరిది నేరుగా టైలరమ్మ గుమ్మంలోకి వచ్చాడు. ఆమె ఏడున్నరలో కొంతైనా తగ్గించమని బతిమాలడానికి మాటలు కూడబెట్టుకుని ఉంది. ఆయన ఆ అవసరమే లేకుండా చేశాడు.

"మూడోగదికి తొమ్మిది అనుకుంటున్నామమ్మా. కాసేపట్లో చూడ్డానికి వస్తున్నారు. మీదీ తొమ్మిదే. వరుసంతా ఒకే రేటు ఉంటే ఎవరికీ బాధ ఉండదు."

"తొమ్మిదా! మొన్న ఏడున్నర అన్నారు కదండీ?"

"మొన్న మీరు ఏడున్నర అన్నారు, మేమూ ఏడున్నర అన్నాం. ఇప్పుడు మీరే తొమ్మిదంటున్నారు."

టైలరమ్మ మొదట వెల్డరు భార్య వైపు చూసింది. ఆమెకు చెప్పింది ఎనిమిది. మెట్టు మీది మనిషి వైపు చూసింది. అతనికి చెప్పింది ఎనిమిదిన్నర. తొమ్మిది? ఆమె చేయి తెలియకుండానే పెదవుల దగ్గరకు వెళ్ళింది, అక్కడ ఇంకా గుండుసూదులు ఉన్నట్టు.

"గొడుగావిడ," అంది.

"గొడుగో, ఎండో నాకు తెలియదు. ఎవరో ఆడమనిషి ఫోన్ చేసింది. 'మీ కిటికీ గది తొమ్మిదట కదా, మేమిస్తాం, ఖాళీ అయితే చెప్పండి' అంది. అంతకు ముందు ఇంకెవరో ఏడున్నరకు ఇలాగే చేశారు. వాళ్ళు తొమ్మిదిస్తామని వెంటపడుతుంటే ఆరుకిచ్చి కూర్చోడానికి మా బావగారికేమైనా తిక్కా?"

"అంటే ఇక్కడివాళ్ళెవరూ మీకు చెప్పలేదా?"

"ఇక్కడివాళ్ళు నాతో మంచినీళ్ళు కావాలా అని కూడా అనరు కదమ్మా," అన్నాడు బావమరిది నొచ్చుకుంటూ.

తెర వెనుక అత్తగారు దగ్గింది. కాని నోటీసు తరువాత మాట రాలేదు.

టైలరమ్మ ద్వారబంధాన్ని ఆనుకుని నిలబడిపోయింది. ఇన్నాళ్ళుగా ఆ గుమ్మంలో నిలబడి ఎంతమందికి ఎన్ని అంకెలు చెప్పిందో ఆమెకే గుర్తు లేదు. ఆమె చెప్పిన ప్రతి అంకె గోడ మీది నంబరు చూసుకుని తిన్నగా యజమాని ఇంటికి నడిచి వెళ్ళింది. మోసుకెళ్ళడానికి ఎవరూ అవసరం లేకపోయింది. పైగా ఇప్పుడు మూడోగది ఖాళీ అవుతోంది. దానికి తొమ్మిది పలికితే ఈ కిటికీ గదికి తొమ్మిది పలకకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. ఆ గదిని ఖాళీ చేయించింది బావమరిది కాదు.

అంతలో చూడటానికి వస్తామన్న భార్యాభర్తలు రానే వచ్చారు. భర్త చేతిలో టేపు ఉంది. వచ్చీ రాగానే మూడోగది గుమ్మం వెడల్పు కొలిచాడు. భార్య లోపలికి వెళ్ళి, నేల మీద చెప్పుతో తట్టి, పైకప్పు చూసి, ముక్కుతో గాలి పీల్చి బయటకు వచ్చింది.

"తొమ్మిదండీ," అన్నాడు బావమరిది. "ఈ వీధిలో ఇదే రేటు."

అయితే ఇల్లు వెతికేవారు యజమాని మాట నమ్మరు. పక్కింటివారి మాట నమ్ముతారు. భర్త టేపు చుట్టుకుంటూ టైలరమ్మ గుమ్మం దగ్గరకు వచ్చి, వరుసలో అందరూ వింటుండగా, "ఏమండీ, మీరెంతిస్తున్నారు?" అని అడిగాడు.

టైలరమ్మ చుట్టూ చూసింది. ఎదురుగా బావమరిది ఉన్నాడు, పక్కన వెల్డరు భార్య ఉంది, మెట్టు మీద ఆ అబ్బాయి ఉన్నాడు. ఆరు అంటే ఇన్నాళ్ళూ చెప్పినదంతా అబద్ధమని అందరి ముందూ ఒప్పుకున్నట్టే. వెల్డరు భార్య ఏడు ఇస్తోంది కదా, ఆరు అని వింటే రేపే మేడకు వెళ్ళి యాగీ చేస్తుంది. తొమ్మిది అంటే వీళ్ళు తొమ్మిదికి చేరతారు, తన మిషను సందు లోపలికి పోతుంది. కిటికీలోంచి లోపలికి పడిన ఎండ మిషను పలక మీద ఉంది. దాన్నే చూస్తూ ఆమె నోరు విప్పింది.

"ఆరు."

"ఎంతా?"

"ఆరు వేలండీ. పెంచింది లేదు, తగ్గించింది లేదు. ఆరే."

ఆ మనిషి సంతోషించలేదు. ఒక అడుగు వెనక్కి వేసి గదిని కొత్తగా చూశాడు. "ఆరేమిటి? ఏం, నీళ్ళు రావా?"

"వస్తాయండీ."

"వర్షానికి కారుతుందా?"

"ఏదో ఉండే ఉంటుందండీ," అంది అతని భార్య మెల్లగా. "లేకపోతే కిటికీ ఉన్న గది ఆరేమిటి?"

బావమరిది కల్పించుకుని నవ్వాడు. "ఆవిడ పాత మనిషండీ, ఏదో మొహమాటం కొద్దీ పెంచలేదు. మిగతావాళ్ళని అడగండి," అంటూ వెల్డరు గుమ్మం వైపు చేయి చాపాడు.

వెల్డరు భార్య గిన్నె కింద పెట్టింది. చేతులు కడుక్కుంది. కడుక్కున్న చేతులు తుడుచుకుంది. టైలరమ్మ ఆమె ముఖం వైపే చూస్తోంది. ఏడు అన్నా ఫరవాలేదు, ఎనిమిది అనకపోతే చాలు అని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది.

"ఐదున్నర," అంది వెల్డరు భార్య నేల చూస్తూ.

"ఐదున్నరా!" టైలరమ్మ గడప దాటి వచ్చేసింది. తన పక్షాన సాక్ష్యం చెప్పిందన్న సంగతి కూడా ఆమెకు ఆ క్షణాన తట్టలేదు. "నాకు ఏడు అన్నావు కదా వదినా!"

"నువ్వు నాకు ఎనిమిది అనలేదూ? అంతకుముందు ఏడున్నర అనలేదూ? నీకంటే ఎక్కువ ఇస్తున్నానంటే నమ్మవని ఏడు అన్నాను!"

"గోడ ఉన్న గదికి గోడంత అబద్ధం," అంది తెర వెనుక నుంచి అత్తగారు. ఆవిడకు మాట తిరిగి వచ్చింది.

"మీ కోడలికి కిటికీ ఉంది కదండీ, కిటికీ అంత పెద్దది చెప్పింది," అని వెల్డరు భార్య కూడా తగ్గలేదు.

అప్పుడు మెట్టు మీద కూర్చున్న మనిషి లేచాడు. నడుముపట్టీకి ఉన్న తాళాలు చప్పుడు చేశాయి. "నేను ఏడు ఇస్తున్నాను," అన్నాడు.

అందరి తలలూ అటు తిరిగాయి.

"ఇల్లు వెతుక్కుంటూ వచ్చినరోజు మీ ఇద్దరినీ అడిగాను. గుర్తుందో లేదో. ఒకరు ఏడున్నర అన్నారు, ఒకరు ఏడు అన్నారు. పోనీలే, ఇక్కడ రేటే అది కాబోలు అనుకుని ఒక్క మాట బేరమాడకుండా ఏడుకు ఒప్పుకున్నాను. ఎనిమిదిన్నర అని మీరన్నరోజు నుంచి నాకు నిద్ర లేదక్కా. నాకూ పెంచుతారేమో అని."

ఇల్లు చూడటానికి వచ్చిన భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "పదండి," అంది భార్య. "ఉన్నవాళ్ళకే అద్దె ఎంతో తెలియని చోట మనమేం ఉంటాం." భర్త టేపు జేబులో వేసుకుని, వెళుతూ వెళుతూ గోడ మీది నంబరు వైపు చూశాడు గాని, రాసుకోలేదు.

బావమరిది ముఖంలో మర్యాద పలచబడింది. "ముగ్గురూ కలిసి నాటకమాడుతున్నారా?"

"ముగ్గురం కలిసే ఉంటే ఇంతదాకా ఎందుకొస్తుందండీ," అంది టైలరమ్మ. లోపలికి వెళ్ళి, అద్దె తెచ్చి ఆయన ముందు పట్టుకుంది. "ఇవి ఆరు వేలు. తొమ్మిదిచ్చేవాళ్ళను తెచ్చుకుంటే తెచ్చుకోండి. కాని వచ్చిన ప్రతి మనిషికీ ఈ గుమ్మంలోనే నిలబడి ఆరు అనే చెబుతాను. అంతకంటే ఎక్కువ చెప్పను."

ఆయన ఆ డబ్బు వైపూ, ఖాళీ వీధి వైపూ, వసారాలోని మడతమంచం వైపూ చూశాడు. మూడోగది ఒక నెల ఖాళీగా ఉంటే బావగారికి చెప్పుకోవలసింది తానే. డబ్బు తీసుకున్నాడు. "ఈ నెలకే ఇది," అన్నాడు. "తరవాత సంగతి బావగారితో మాట్లాడి చెబుతాను."

"నాకూ ఆరైతే నేనుంటానండీ," అన్నాడు మెకానిక్కు.

"అదేం కుదరదు. మా లిఫ్టు బాగుచేసి పెట్టావని అద్దెలో..."

"లిఫ్టు డబ్బులు మీరింకా ఇవ్వనేలేదు కదండీ."

వెల్డరు భార్య గబుక్కున గిన్నె చేతిలోకి తీసుకుంది. టైలరమ్మ చూపు గడప మీదకు దిగింది. కాపలావాడు సలాము కొట్టి గేటు ఎందుకు తీశాడో ఇద్దరికీ ఒకేసారి బోధపడింది. లిఫ్టు ఆగిపోయి పై అంతస్తుల్లో ఉన్నవారికి అతనికంటే ఆప్తుడు ఎవరుంటారు!

బావమరిది కాసేపు గొణిగి, "ఆరున్నర. ఇంకొక్క మాట మాట్లాడితే బండి పిలిపించుకో," అని, ఆ మాట అనగానే ఎవరూ ఆపకముందే వెళ్ళిపోయాడు.

ఆరున్నర అన్న మాట వినగానే వెల్డరు భార్య కళ్ళు తన గుమ్మం వైపు తిరిగాయి. అందరికంటే తక్కువ ఇచ్చేది తానేనని ఇప్పుడు వరుసంతటికీ తెలుసు. ఆమె టైలరమ్మ దగ్గరకు వచ్చి నెమ్మదిగా, "వదినా, నిజంగా ఆరేనా? ఇంకా తక్కువ కాదు కదా?" అంది.

"నీది నిజంగా ఐదున్నరేనా?"

"ఒట్టు."

"ఒట్టు నేనూ వేస్తాను."

ఇద్దరూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకున్నారు. ఆ చూపులో నమ్మకం కొద్దిగా ఉంది, కొద్దిగానే ఉంది. వెల్డరు భార్య వెనక్కి తిరిగి, తోమిన గిన్నెను లోపల పెట్టుకుంది.

మెకానిక్కు బండివానికి ఫోను చేసి రావద్దని చెప్పాడు. ఈసారి గోడవైపు తిరగలేదు. చాపచుట్ట తానే లోపల పడేసి వచ్చి, మంచం దగ్గర వంగేసరికి రెండో కొస టైలరమ్మ పట్టుకుని ఉంది.

"వదిలేయండక్కా, నేను చూసుకుంటాను."

"గుమ్మం ఇరుకు తమ్ముడూ, ఒక్కడివల్ల కాదు. పట్టుకో. ఆ ప్యాంటు కూడా ఇవ్వు, సాయంత్రానికి కుడతాను."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. నిటారుగా నిలబడి, రేకు పెట్టె దగ్గరకు వెళ్ళి, దాని తాళం పడిందో లేదో ఒకసారి లాగి చూసుకున్నాడు. పడే ఉంది. అప్పుడు తిరిగి వచ్చి, మంచం తన వైపు కొస ఎత్తాడు.